సోయా తగ్గించే ముందు మిథియోనిన్ లెక్క చూసుకోండి

ప్రశ్న: మాది షాద్‌నగర్ దగ్గర ఒక పల్లె. అయిదు వేల బ్రాయిలర్ కోళ్ల షెడ్ ఉంది. కంపెనీ ఇంటిగ్రేషన్ (కంపెనీయే పిల్లలు, దాణా ఇచ్చే ఒప్పందం) వదిలేసి, కొంతకాలంగా దాణా సొంతంగా కలుపుకుంటున్నాను. మొదటి పది రోజులు కొన్న క్రంబుల్స్ (పలుకులుగా వచ్చే తయారు దాణా) వేస్తాను. పదకొండో రోజు నుంచి వేసే దాణాలో టన్నుకు 600 కిలోల మొక్కజొన్న, 350 కిలోల సోయా చెక్క, 15 కిలోల నూనె ఉంటాయి. మిగతాది డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్), సున్నపురాయి పొడి, ఉప్పు, విటమిన్లు, మందులు. అమైనో ఆమ్లాల పొడులు మిథియోనిన్ ఒక కిలో, లైసిన్ ఒక కిలో కలుపుతాను. పోయిన రెండు బ్యాచ్‌లలో ఈకలు సరిగా రాలేదు, వీపులు బోసిగా ఉన్నాయి. లిటర్ (షెడ్ నేల మీద పరిచిన పొట్టు) తడిసి ముద్ద కడుతోంది. 42 రోజులకు సగటు బరువు 1.9 కిలోలు దాటడం లేదు, ఎఫ్‌సీఆర్ (కిలో బరువుకు తిన్న దాణా కిలోలు) 1.95 దగ్గర ఉంది. సోయా ధర భరించలేకపోతున్నాను. దాణా సరుకులు అమ్మే ఆయన సోయా 50 కిలోలు తగ్గించి అంత మొక్కజొన్న పెంచమని, లైసిన్, మిథియోనిన్ ఇంకో కిలో చొప్పున వేస్తే సరిపోతుందని అంటున్నారు. నీళ్లలో కలిపే అమైనో ఆసిడ్ల టానిక్, మూలికల మిథియోనిన్ కూడా తీసుకోమంటున్నారు. ఏం చేయమంటారు? ఈ పొడులు తిన్న కోడి మాంసం తింటే మనుషులకు ఏమైనా హాని ఉందా?

సమాధానం: మీరు దాణా పాళ్లను కిలోలతో సహా రాశారు కనుక సమాధానం ఊహ మీద కాకుండా లెక్క మీద చెప్పడానికి వీలైంది. ముందుగా తేల్చి చెప్పాల్సిన మాట ఏమిటంటే, మీ దాణాలో మాంసకృత్తులు తక్కువేమీ లేవు, మిథియోనిన్ తక్కువైంది. ఆ లోటు పూడ్చకుండా సోయా తగ్గించడం గానీ పెంచడం గానీ చేయవద్దు. దుకాణదారు చెప్పిన మార్పు చేస్తే ఒక లోటు కొంత తగ్గి, దాని స్థానంలో మరో లోటు వస్తుంది. మీ కోళ్లు మాత్రం దాదాపు ఇప్పుడున్న చోటే ఉంటాయి. అది ఎలాగో చెబుతాను.

కోడికి కావలసింది మాంసకృత్తులు కాదు, వాటిలో ఉండే అమైనో ఆమ్లాలు. తిన్న మాంసకృత్తులు పేగులో అమైనో ఆమ్లాలుగా విడిపోతాయి, వాటితో కోడి తన కండను, ఈకను, పేగు గోడను కట్టుకుంటుంది. వీటిలో కొన్నింటిని కోడి తన శరీరంలో తయారు చేసుకోలేదు, అవి దాణాలోనే రావాలి. ఒక్కో కణజాలానికి ఒక్కో పాళ్లలో ఇవి అవసరం. అందులో ఏ ఒక్కటి తక్కువైనా మిగతావి ఎంత ఉన్నా ఆ తక్కువైనదాని మేరకే పెరుగుదల ఉంటుంది. ఇడ్లీకి రవ్వ బస్తాల కొద్దీ ఉన్నా, నానబెట్టిన మినప్పప్పు ఎంత ఉందో అంతకే పిండి తయారవుతుంది కదా, ఇదీ అంతే. తేడా ఏమిటంటే మిగిలిన రవ్వను మనం డబ్బాలో పోసి దాచుకుంటాం. కోడి మాత్రం మిగిలిన అమైనో ఆమ్లాలను దాచుకోలేదు. వాటిలోని నత్రజనిని విడగొట్టి యూరిక్ ఆమ్లంగా మార్చి రెట్టతో బయటికి పంపుతుంది. ఆ పనికి శక్తి ఖర్చవుతుంది, కోడి నీళ్లు ఎక్కువ తాగుతుంది, రెట్ట పలచనవుతుంది. లిటర్‌లోని సూక్ష్మజీవులు ఆ యూరిక్ ఆమ్లాన్ని అమ్మోనియాగా మారుస్తాయి. ఖరీదు పెట్టి కొన్న సోయాలో కొంత భాగం ఈ దారిలో వాసనగా పోతున్నదని మీరు గ్రహించాలి.

మొక్కజొన్న, సోయా మీద నడిచే దాణాలో మొదట తక్కువ పడేది మిథియోనిన్. దీన్ని సిస్టిన్‌తో కలిపి లెక్కిస్తారు, ఎందుకంటే కోడి మిథియోనిన్ నుంచి సిస్టిన్‌ను తయారు చేసుకోగలదు గానీ సిస్టిన్ నుంచి మిథియోనిన్‌ను తయారు చేసుకోలేదు. ఈకలో ఉండేది ప్రధానంగా కెరాటిన్ అనే మాంసకృత్తి, అందులో సిస్టిన్ పాలు చాలా ఎక్కువ. అందుకే ఈ జంట తగ్గినప్పుడు ఆ సంగతి ఈకల్లో తెలుస్తుంది. మిథియోనిన్ తరువాత తక్కువ పడేది లైసిన్, ఆపైన త్రియోనిన్. త్రియోనిన్ గురించి మన రైతులు తక్కువగా వింటారు. పేగు లోపలి పొరను కాపాడే జిగురు పదార్థంలో ఇది ఎక్కువగా ఉంటుంది కనుక, కాక్సిడియోసిస్ వంటి పేగు జబ్బులు వచ్చిపోయే షెడ్లలో దీని లోటు మరింత నష్టం చేస్తుంది. వీటి తరువాత వంతు వాలిన్, ఐసోల్యూసిన్, ఆర్జినిన్‌లది.

ఇప్పుడు మీ దాణా లెక్క. ఇవి జీర్ణమయ్యే అమైనో ఆమ్లాల లెక్కలు. గింజలో ఉన్నదంతా కోడికి అందదు కనుక అందే భాగాన్నే తీసుకున్నాను. మంచి మొక్కజొన్నలో జీర్ణమయ్యే లైసిన్ 0.22 శాతం, మిథియోనిన్-సిస్టిన్ జంట 0.32 శాతం, త్రియోనిన్ 0.25 శాతం దరిదాపుల్లో ఉంటాయి. 45, 46 శాతం మాంసకృత్తులున్న సోయా చెక్కలో అవే వరుసగా 2.5, 1.12, 1.5 శాతం ఉంటాయి. మీ 600 కిలోల మొక్కజొన్న, 350 కిలోల సోయాలకు ఇవి లెక్క కట్టి, మీరు కలిపే కిలో మిథియోనిన్, కిలో లైసిన్ కూడితే, దాణాలో లైసిన్ 1.08 శాతం, మిథియోనిన్-సిస్టిన్ 0.68 శాతం, త్రియోనిన్ 0.67 శాతం తేలుతున్నాయి. పదకొండో రోజు నుంచి ఇరవై నాలుగో రోజు దాకా ఇప్పటి బ్రాయిలర్ జాతులకు కావలసింది లైసిన్ సుమారు 1.15, మిథియోనిన్-సిస్టిన్ 0.87, త్రియోనిన్ 0.77 శాతం. అంటే లైసిన్ అవసరంలో 94 శాతం అందుతోంది, త్రియోనిన్ 88 శాతం అందుతోంది, మిథియోనిన్ జంట మాత్రం 78 శాతం దగ్గరే ఆగిపోయింది. బోసి వీపులకు మొదటి కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఇది కొత్త జాతుల కోసం కంపెనీలు పెంచి చెప్పే అంకె కాదా అని మీకు సందేహం రావచ్చు. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1994లో ప్రకటించిన పాత ప్రమాణమే తీసుకున్నా, మొదటి మూడు వారాల దాణాలో మొత్తం మిథియోనిన్-సిస్టిన్ 0.90 శాతం ఉండాలి. ఇది జీర్ణమయ్యే భాగం కాదు, మొత్తం లెక్క. ఆ లెక్కన చూస్తే మీ దాణాలో ఉన్నది 0.77 శాతం. నేటి కోడి కంటే నెమ్మదిగా పెరిగిన ముప్పయ్యేళ్ల కిందటి కోడికి కూడా అది చాలదు.

దుకాణదారు సలహాను కూడా ఇదే త్రాసులో పెట్టి చూద్దాం. 650 కిలోల మొక్కజొన్న, 300 కిలోల సోయా, రెండేసి కిలోల మిథియోనిన్, లైసిన్. అప్పుడు మిథియోనిన్ జంట 0.74కు పెరుగుతుంది, అంటే అవసరంలో 85 శాతం. లైసిన్ 1.05కు దిగుతుంది. త్రియోనిన్ మాత్రం 0.61కి పడిపోతుంది, అంటే అవసరంలో 80 శాతమే. ఇప్పుడు మిథియోనిన్ దగ్గర 78 శాతంలో ఆగిన కోళ్లు అప్పుడు త్రియోనిన్ దగ్గర 80 శాతంలో ఆగుతాయి. సోయా ఖర్చు తగ్గిన మాట నిజమే గానీ కోడి పెరగదు, పైగా లైసిన్ తగ్గినందున రొమ్ము కండ కూడా తగ్గే అవకాశం ఉంది. ఆయన ఉద్దేశం తప్పని నేను అనడం లేదు. సోయా కొంత తగ్గించి అమైనో ఆమ్లాలతో పూడ్చడం ప్రపంచమంతా చేస్తున్న పనే. కాని తగ్గించినప్పుడు తరువాతి లోటు ఎక్కడ పడుతుందో చూసుకుని, దాన్ని కూడా పూడ్చాలి. మిథియోనిన్, లైసిన్ పొట్లాలు మాత్రమే పెంచి త్రియోనిన్‌ను వదిలేస్తే లెక్క కుదరదు.

కనుక ముందు సోయా ముట్టుకోకండి. వచ్చే బ్యాచ్‌లో 600 కిలోల మొక్కజొన్న, 350 కిలోల సోయా అలాగే ఉంచి, టన్నుకు డీఎల్ మిథియోనిన్ (మామూలుగా దొరికే మిథియోనిన్ పొడి) 2.9 కిలోలు, లైసిన్ హైడ్రోక్లోరైడ్ 1.8 కిలోలు, త్రియోనిన్ ఒక కిలో కలపండి. పెరిగిన మూడు నాలుగు కిలోల మేరకు మొక్కజొన్న తగ్గించుకుంటే సరిపోతుంది. ఈ మార్పుతో వాలిన్, ఐసోల్యూసిన్, ఆర్జినిన్‌లకు లోటు రాదు, ఎందుకంటే 350 కిలోల సోయాలో అవి కావలసినంత ఉన్నాయి. మిథియోనిన్ దాదాపు మూడు రెట్లయిందే, ఖర్చు పెరిగిందే అనిపిస్తుంది. ఎఫ్‌సీఆర్ 1.95 ఉన్నప్పుడు టన్ను దాణాకు 513 కిలోల కోడి వస్తుంది. అది 1.80కి దిగితే 556 కిలోలు వస్తుంది. ఒక్క దాణా మార్పుతోనే అంత తేడా వస్తుందని నేను హామీ ఇవ్వలేను. కాని ఆ తేడాలో సగం వచ్చినా టన్నుకు ఇరవై కిలోల కోడి అదనంగా చేతికి వస్తుంది. పెరిగిన రెండు కిలోల మిథియోనిన్, 0.8 కిలో లైసిన్, కిలో త్రియోనిన్ ధరతో దాన్ని పోల్చి చూసుకోండి.

ఇరవై అయిదో రోజు తరువాత కోడికి కావలసిన అమైనో ఆమ్లాల శాతం తగ్గుతుంది. అప్పుడు 650 కిలోల మొక్కజొన్న, 290 కిలోల సోయా, 25 కిలోల నూనెతో నడపవచ్చు. ఆ దాణాకు టన్నుకు మిథియోనిన్ 2.6, లైసిన్ 2.2, త్రియోనిన్ 0.95 కిలోలు సరిపోతాయి. ఒకే దాణాను చివరిదాకా వేయడం వల్ల ఆఖరి రెండు వారాల్లో, అంటే కోడి అత్యధికంగా తినే రోజుల్లో, సోయా వృథా అవుతుంది. మీరు నిజంగా సోయా ఆదా చేయగలిగిన చోటు ఇదే. మొదటి పది రోజులకు మాత్రం ఇప్పుడు చేస్తున్నట్టుగానే మంచి క్రంబుల్స్ కొని వేయండి. ఆ పది రోజుల్లో ఒక్కో పిల్ల తినేది పావు కిలోకు కాస్త పైన మాత్రమే, అక్కడ పొదుపు చూసుకుంటే తరువాత పూడ్చుకోలేరు.

ఒక బ్యాచ్ ఇలా నడిచి ఈకలు, బరువు కుదుటపడిన తరువాత, పదకొండో రోజు దాణాలో కూడా సోయాను 350 నుంచి 325కు తగ్గించి చూడవచ్చు. అప్పుడు మొక్కజొన్న 625 కిలోలు, మిథియోనిన్ 3.1, లైసిన్ 2.6, త్రియోనిన్ 1.3 కిలోలు అవుతాయి. మాంసకృత్తులు 21 శాతం నుంచి 20 శాతం చిల్లరకు దిగుతాయి, అయినా కోడికి అందవలసినవి అందుతాయి. సోయా కంటే మొక్కజొన్నలో శక్తి ఎక్కువ కనుక నూనె కూడా సుమారు మూడు కిలోలు తగ్గించవచ్చు. లాభమా నష్టమా అన్నది ఆ రోజు ధరల మీద ఆధారపడి ఉంటుంది. 25 కిలోల సోయా ధర నుంచి 25 కిలోల మొక్కజొన్న ధర తీసేసి, మూడు కిలోల నూనె ధర కలపండి. అది మీ ఆదా. పెరిగిన 0.8 కిలో లైసిన్, 0.2 కిలో మిథియోనిన్, 0.3 కిలో త్రియోనిన్ ధర మీ ఖర్చు. సోయా మండిపోయే రోజుల్లో ఆదా బాగానే ఉంటుంది. 2021లో సోయా చెక్క ధర అందకుండా పోయి, ఆ ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి అనుమతి ఇవ్వాల్సి వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అలాంటి కాలంలో ఈ లెక్క తెలిసిన రైతు నిలదొక్కుకుంటాడు. సోయా దిగివచ్చిన రోజుల్లో మాత్రం తగ్గించకపోవడమే మేలు. ఈ పదకొండో రోజు దాణాలో 325 కంటే కిందికి వెళ్లవద్దు. 300 దగ్గర వాలిన్ అవసరానికి తక్కువ పడుతుంది, ఆర్జినిన్, ఐసోల్యూసిన్‌లు కూడా కాస్త తగ్గుతాయి. వాటిని కూడా కొని కలిపే పెద్ద ఫీడ్ మిల్లులకు అది సాధ్యం గానీ, మీ స్థాయిలో అది తలకు మించిన పని.

సోయాకు బదులు చౌకగా వస్తుందని వేరుశనగ చెక్క, బియ్యం డీడీజీఎస్ (ఇథనాల్ తీయగా మిగిలిన ఎండు పిప్పి) వంటివి ఎవరైనా చూపిస్తే, బస్తా మీది మాంసకృత్తుల శాతం చూసి మోసపోకండి. వేరుశనగ చెక్కలో ఆర్జినిన్ పుష్కలంగా ఉన్నా లైసిన్, మిథియోనిన్ తక్కువ, పైగా అఫ్లాటాక్సిన్ (బూజు విషం) భయం. ఇథనాల్ ఫ్యాక్టరీల నుంచి వచ్చే డీడీజీఎస్‌లో మాంసకృత్తులు కంటికి బాగా కనబడతాయి గానీ లైసిన్ తక్కువ. ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే ఉన్న లైసిన్ కూడా కోడికి అందకుండా పోతుంది.

ఆ మాట సోయా చెక్కకు కూడా వర్తిస్తుంది. పైన నేను కట్టిన లెక్కంతా సోయా మంచిదైతేనే నిలుస్తుంది. సోయాను సరిగా వేడి చేయకపోతే అందులోని ట్రిప్సిన్ నిరోధకాలు జీర్ణక్రియను అడ్డుకుంటాయి. వేడి ఎక్కువైతే లైసిన్ చక్కెరలతో ముడిపడిపోయి పనికిరాకుండా పోతుంది. ముదురు గోధుమ రంగుకు తిరిగి, మాడిన వాసన వచ్చే చెక్కను తీసుకోకండి. ల్యాబ్‌లో రెండు పరీక్షలు అడగండి. యూరియేజ్ విలువ 0.05, 0.20ల మధ్య, పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మాంసకృత్తుల కరుగుదల 78, 85 శాతాల మధ్య ఉంటే చెక్క సరిగా ఉడికినట్టు. ఇంకొక ప్రమాదం యూరియా కల్తీ. ల్యాబ్‌లో మాంసకృత్తులను నేరుగా కొలవరు, నత్రజనిని కొలిచి 6.25తో గుణిస్తారు. యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది కనుక, టన్ను చెక్కలో పది కిలోల యూరియా కలిపినా కాగితం మీద మాంసకృత్తులు దాదాపు మూడు శాతం పెరిగినట్టు కనిపిస్తాయి. కోడికి అది ఎందుకూ పనికిరాదు. మాంసకృత్తుల రిపోర్టుతో పాటు యూరియా పరీక్ష కూడా చేయించమని అడగండి. హైదరాబాద్ రాజేంద్రనగర్ మీకు దూరం కాదు. అక్కడి వెటర్నరీ విశ్వవిద్యాలయం పశుపోషణ విభాగాన్నీ, అక్కడే ఉన్న కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌నూ అడిగి, నమూనాలు ఎక్కడ పరీక్ష చేయించుకోవచ్చో తెలుసుకోండి.

పొడుల విషయానికి వస్తే, కొనేటప్పుడు పేరు కంటే లేబుల్ మీది శాతం ముఖ్యం. డీఎల్ మిథియోనిన్ 99 శాతం శుద్ధంగా వస్తుంది. లైసిన్ హైడ్రోక్లోరైడ్‌లో అసలు లైసిన్ 78 శాతమే, మిగతాది హైడ్రోక్లోరైడ్ భాగం. లైసిన్ సల్ఫేట్ అని తక్కువ ధరకు వచ్చేదానిలో లైసిన్ 50, 55 శాతం ఉంటుంది. అది చెడ్డది కాదు, కాని 1.8 కిలోల బదులు 2.6 నుంచి 2.8 కిలోలు వేయాలి. ధరలు పోల్చేటప్పుడు బస్తా ధరను కాక, అందులోని లైసిన్ కిలో ఎంత పడుతుందో చూడండి.

కల్తీ అనుమానం వస్తే ఇంట్లోనే చిన్న పరీక్ష చేయవచ్చు. గాజు గ్లాసులో 100 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లు పోసి, ఒక గ్రాము మిథియోనిన్ వేసి కలపండి. మంచి సరుకైతే దాదాపు పూర్తిగా కరిగి నీళ్లు తేటగా ఉంటాయి. అడుగున తెల్లని పొడి పేరుకుంటే సున్నపురాయి కలిసిందని అనుమానించాలి. ఆ అడుగు పొడి మీద నిమ్మరసం పిండితే నురగ వస్తుంది. మరొకటి, స్టీల్ గరిటెలో చిటికెడు పొడి వేసి ఆరుబయట మంట మీద పెట్టండి. శుద్ధమైన మిథియోనిన్ గంధకపు కంపుతో కాలిపోయి బూడిద దాదాపు మిగలదు. ఉప్పు గానీ సున్నం గానీ కలిసి ఉంటే గరిటెలో తెల్లగా మిగులుతుంది. చక్కెర, పిండి కలిస్తే ఈ పరీక్షకు దొరకవు. దానికి ల్యాబ్‌లో నత్రజని చూడాలి. ఆ లెక్కన మాంసకృత్తులు శుద్ధమైన డీఎల్ మిథియోనిన్‌లో 58 శాతం పైన, లైసిన్ హైడ్రోక్లోరైడ్‌లో 95 శాతం, త్రియోనిన్‌లో 73 శాతం దగ్గర చూపాలి.

కలపడం గురించి ఒక్క మాట గట్టిగా చెబుతాను. టన్నులో మూడు కిలోలంటే వెయ్యికి మూడు పాళ్లు. దాన్ని నేరుగా మిక్సర్‌లో గుమ్మరిస్తే కొన్ని బస్తాలకు ఎక్కువ, కొన్నింటికి ఏమీ లేకుండా పోతుంది, అప్పుడు ఈ లెక్కలన్నీ కాగితానికే పరిమితం. మూడు పొడులనూ ముందు ఇరవై కిలోల పిండి మొక్కజొన్నలో బాగా కలిపి, మిక్సర్‌లో మొక్కజొన్న, సోయా సగం పడిన తరువాత ఆ మిశ్రమాన్ని చల్లుతూ వేయండి. నూనె అన్నిటికన్నా చివర పోయండి, ముందే పోస్తే పొడులు ఉండలు కడతాయి. తూకానికి వంద కిలోల కాటా వాడకండి, గ్రాముల్లో చూపే చిన్న కాటా పెట్టుకోండి.

లైసిన్ హైడ్రోక్లోరైడ్‌తో క్లోరైడ్ కూడా వస్తుందన్న సంగతి చాలామంది పట్టించుకోరు. 2.6 కిలోల లైసిన్‌తో దాదాపు అర కిలో క్లోరైడ్ దాణాలోకి వస్తుంది. అది ముప్పావు కిలోకు పైగా ఉప్పులో ఉండే క్లోరైడ్‌కు సమానం. కనుక ఉప్పు ముప్పావు కిలో తగ్గించి, దాని స్థానంలో సోడియం కోసం కిలో సోడా బైకార్బ్ (వంట సోడా) వేయండి. ఎండాకాలంలో, కోళ్లు రొప్పే రోజుల్లో ఇది మరీ అవసరం. ఏప్రిల్, మే నెలల్లో అక్కరలేని మాంసకృత్తులను విడగొట్టే పనిలో కోడి ఒంట్లో అదనపు వేడి పుడుతుంది కనుక, ఆ కాలంలో 325 కిలోల సోయా దాణా 350 దానికంటే కోళ్లకు సుఖం.

నీళ్లలో కలిపే టానిక్ గురించి అడిగారు. మీ దాణాలో కిలోకు 1.9 గ్రాముల మిథియోనిన్ లోటు ఉంది. మూడు వారాల వయసులో కోడి రోజుకు సుమారు వంద గ్రాముల దాణా తింటుంది. అయిదు వేల కోళ్లంటే 500 కిలోల దాణా, అంటే రోజుకు 950 గ్రాముల మిథియోనిన్ లోటు. ఆ సీసా లేబుల్ తిప్పి, లీటరులో మిథియోనిన్ ఎన్ని గ్రాములుందో చూసి, ఈ 950తో పోల్చండి. ప్రయాణంలో అలసిన పిల్లలకో, జబ్బు చేసి మేత మానేసిన కోళ్లకో రెండు మూడు రోజులు అలాంటివి వాడుకోవచ్చు గానీ, దాణాలోని లోటును అవి పూడ్చలేవు. మూలికల మిథియోనిన్‌ను కూడా డీఎల్ మిథియోనిన్‌కు బదులుగా కిలోకు కిలో వాడవద్దని నా సలహా. అందులో కోడి కండగా మార్చుకోగల మిథియోనిన్ ఎంత శాతం ఉందో అమ్మేవారిని రాతపూర్వకంగా అడగండి. దాణాలో వేసే కోలిన్, బీటెయిన్ అనే పదార్థాలు మిథియోనిన్ చేసే ఒక పనిలో, అంటే మిథైల్ గుంపును అందించడంలో, కొంత సాయపడతాయి. ఈకను, కండను కట్టే పనిలో మాత్రం మిథియోనిన్ స్థానం మిథియోనిన్‌దే. అలాగని మోతాదు మించనీయకండి. అమైనో ఆమ్లాల్లో ఎక్కువైతే అన్నిటికన్నా ముందు చెడు చేసేది కూడా మిథియోనినే, కోడి మేత తగ్గించేస్తుంది.

లిటర్ తడికి దాణా ఒక్కటే కారణమని అనుకోవద్దు. మిథియోనిన్ లోటు వల్ల వృథా అయిన మాంసకృత్తులు కొంత కారణమే. నిపుల్ లైన్ల (కోళ్లు నీళ్లు తాగే గొట్టాల) ఎత్తు, కారుతున్న నిపుల్స్, ఉప్పు తూకం, వానాకాలంలో తెరలు మూసి ఉంచడం, కాక్సిడియోసిస్, వీటిని కూడా వరుసగా చూడండి. రెట్టలో నారింజ రంగు జిగురు గానీ రక్తపు చారలు గానీ కనిపిస్తే దాణా లెక్కలు పక్కనపెట్టి ముందు వెటర్నరీ డాక్టరుకు చనిపోయిన కోడిని చూపించండి.

ఇక మనుషుల ఆరోగ్యం సంగతి. ఇవి హార్మోన్లు కావు, యాంటీబయాటిక్‌లు కావు. పప్పులో, పాలలో, గుడ్డులో ఉండే అమైనో ఆమ్లాలే ఇవి. లైసిన్, త్రియోనిన్‌లను చక్కెర వంటి పదార్థాల మీద సూక్ష్మజీవులను పెంచి, పులియబెట్టి తీస్తారు. మిథియోనిన్‌ను మాత్రం ఎక్కువగా రసాయనిక పద్ధతిలో చేస్తారు, అందువల్ల అందులో ఎల్, డీ అనే రెండు రూపాలు సగం సగం ఉంటాయి. డీ రూపాన్ని కోడి తన శరీరంలోనే ఎల్ రూపంగా మార్చుకుని వాడుకుంటుంది. దాణాలో సరిపడా వేసినది కండలో, ఈకలో కలిసిపోతుంది, మిగిలినది విరిగి రెట్టతో పోతుంది. మాంసంలో మందులా పేరుకునేది ఏదీ ఉండదు. ఈ పొడుల కారణంగా కోళ్ల అమ్మకాన్ని ఆపాల్సిన గడువు కూడా ఏదీ లేదు. ఈ పొడుల వరకు మీ కోళ్లను మీ ఇంట్లో నిస్సంకోచంగా వండుకోండి.

వచ్చే బ్యాచ్‌లో వీలైతే షెడ్‌ను మధ్యలో జాలీతో విడదీసి, ఒక వైపు పాత దాణా, మరో వైపు కొత్త దాణా వేయండి. రెండు వైపులా దాణా తూకం విడిగా రాసుకోండి. 21వ రోజున, 35వ రోజున ఒక్కో వైపు నుంచి యాభై కోళ్లను ఏరుకోకుండా పట్టి తూచండి, వీపు మీద ఈకలు ఎలా ఉన్నాయో కూడా రాయండి. ఆ వివరాలతో పాటు సోయా చెక్క ల్యాబ్ రిపోర్టును నాకు పంపితే, మీ సోయాలో నిజంగా ఉన్న శాతాలతో ఈ లెక్కను మళ్లీ కట్టి, మీ షెడ్‌కు సరిపోయే తూకాలు రాసి పంపుతాను.